సుజాత పక్కన ఎవరు?

మహాశ్వేతాదేవి ‘హజార్ చురాశిర్ మా’ (1974)ను మనమెక్కువగా నక్సలైట్ కొడుకు నవలగానే చదివాం. నాకది దుఃఖానికి తోడు దొరకని తల్లి కథ. బ్రతి 1084వ నంబరు శవమయ్యాక తండ్రి ఆ పేరు పేపర్లకెక్కకుండా చూసుకుంటాడు. వర్ధంతి నాడే ఇంట్లో అక్క నిశ్చితార్థం. సుజాతకు కాస్త ఊరట దొరికేది బస్తీలో సోము తల్లి దగ్గరే. అక్కడికీ మళ్లీ వెళ్లలేదు, వర్గం అడ్డొస్తుంది.

మన వరంగల్‌లో అలాంటి తల్లులెందరినో పాటలు వీరమాతలని పొగిడాయి. ‘నేనెందుకు ఆపలేకపోయాను?’ అని రాత్రుళ్లు కుమిలే తల్లికి ఆ పొగడ్తలో చోటేదీ? 2002లో ఏర్పడ్డ అమరుల బంధుమిత్రుల సంఘంలో, శవం కోసం వెళ్లే తల్లి వెంట బిడ్డను పోగొట్టుకున్న మరో తల్లి నడిచింది. సుజాతకు లేనిది ఆ తోడే. మన సాహిత్యంలో నేను వెతుక్కునేది ఆ రెండో తల్లినే.