లాగితే రాని చేప

నార్మన్ మక్లేన్ రాసిన "ఎ రివర్ రన్స్ త్రూ ఇట్" అనే నవలికని, నాకు తెలిసిన తెలుగువాళ్ళలో చదివినవాళ్ళు తక్కువ, చూసినవాళ్ళు ఎక్కువ. 1992లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ దాన్ని సినిమాగా తీశాడు. ఎండ పడుతున్న నది మధ్య ఒక కుర్రాడు నిలబడి, గాలం లైనుని తల మీదుగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉంటాడు. లైను గాలిలో మెలికలు తిరిగి మెరుస్తుంది. ఆ సినిమా ఛాయాగ్రహణానికి ఆస్కార్ కూడా వచ్చింది. అంత అందమైన బొమ్మ మనసులో పడిపోయాక, పుస్తకం కూడా ఆ బొమ్మ గురించేనని అనుకోవడం సహజం. నా మటుకు నాకు అది పుస్తకానికి జరిగిన చిన్న అన్యాయంగా తోస్తుంది. ఈ నవలిక గాలం విసరడం గురించి కాదు. విసిరాక ఏం జరుగుతుందన్న దాని గురించి.

నేను ఇంజనీరింగు చదివి, సాఫ్ట్‌వేరు రాసుకుని బతికేవాణ్ణి. సాహిత్యంలో పట్టాలేమీ లేవు. ఈ పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఏటా ఫిబ్రవరి చివర్లో యకీమా నదిలో మోకాళ్ళ లోతున నిలబడడం వల్ల వచ్చింది.

ముందు పుస్తకం సంగతి. మక్లేన్ 1902లో పుట్టాడు, మోంటానాలోని మిజూలాలో పెరిగాడు, షికాగో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. ఉద్యోగం మానేశాకే కథలు రాయడానికి కూర్చున్నాడు. పుస్తకం 1976లో వచ్చింది. అప్పటికి ఆయన డెబ్భై దాటాడు. న్యూయార్కు ప్రచురణకర్తలు వద్దన్నారు. అందులో ఒకరు ఈ కథల్లో చెట్లున్నాయని అభ్యంతరం చెప్పారట! చివరికి యూనివర్సిటీ ఆఫ్ షికాగో ప్రెస్ వేసింది. ఆ సంస్థ అచ్చేసిన మొదటి కొత్త కాల్పనిక రచన అదే.

కథ 1937 వేసవిలో మోంటానాలో నడుస్తుంది. తండ్రి ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు. పెద్దకొడుకు నార్మన్ పెళ్ళయినవాడు, ముప్ఫైలలో ఉన్నవాడు. చిన్నకొడుకు పాల్ హెలీనాలో పత్రికా విలేఖరి. గాలం చేతిలో ఉంటే అతనంత కళాకారుడు ఆ చుట్టుపక్కల లేడు. గట్టు మీదికి వస్తే తాగుడు, పేకాట, కొట్లాటలు. చివరికి ఎవరో అతన్ని తుపాకీ మడమతో కొట్టి చంపి సందులో పారేస్తారు. ఇది మక్లేన్ సొంత తమ్ముడి కథే. అసలు పాల్ 1938లో షికాగోలో హత్యకి గురయ్యాడు. ఆ చావుని రచయిత కథలో మోంటానాకి మార్చాడు.

సినిమా ఈ కథని 1920లలోకి జరిపి, నార్మన్‌ని ప్రేమలో పడే కుర్రాడిగా చేసింది. దాంతో అది యవ్వనం జారిపోవడం గురించిన కథ అయింది. పుస్తకంలోని నార్మన్‌కి అత్తగారున్నారు, బావమరిది ఉన్నాడు, భార్య మాట కాదనలేని మొహమాటం ఉంది. తమ్ముడి విషయంలో ఏదో ఒకటి చెయ్యాలని తెలుసు, ఏం చెయ్యాలో తెలియదు. నలభైలలో ఉన్న పాఠకుడికి ఈ నార్మనే దగ్గరివాడు.

ఫ్లై ఫిషింగ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మన వూళ్ళలో గాలానికి వానపామునో పిండిముద్దనో గుచ్చి, బెండు కట్టి కాలవలో వేస్తాం. ఇక్కడ ఎర ఉండదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి నీటిపురుగులా కనిపించే బొమ్మని తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువుండదు కనక లైను బరువుతోనే విసరాలి. పాస్టరుగారు కొడుకులిద్దరికీ మెట్రనోమ్ పెట్టి, నాలుగు తాళాల లెక్కతో ఈ విసురు నేర్పుతాడు. సినిమాలో మనం చూసేది ఇదే.

అయితే మక్లేన్ నవలికలో జరిగేదంతా వేసవి. చలికాలం చివర్లో నది ఈ విద్యలో ఉన్న అందాన్నంతా ఊడబెరికేస్తుంది. సియాటిల్ నుంచి స్నోక్వాల్మీ కనుమ దాటి తూర్పుకి దాదాపు రెండు గంటలు వెళితే ఎలెన్స్‌బర్గ్ వస్తుంది. దాని దిగువన నల్లటి బసాల్టు కొండల మధ్యగా యకీమా పారుతుంది. ఎండాకాలంలో పొలాలకి నీళ్ళు వదులుతారు కనక నది నిండుగా ఉంటుంది. చలికాలంలో ఎగువన జలాశయాలు నింపుకుంటారు కనక పలచబడుతుంది. కాలవల కింద పుట్టి పెరిగిన మనకి ఈ ఏర్పాటు వింతేమీ కాదు.

ఫిబ్రవరి చివర్లో ఆ నీటి వేడి నాలుగైదు డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ట్రౌట్ చల్లటి రక్తపు జీవి. నీరు చల్లబడితే దాని ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. ఆకలి తగ్గుతుంది. లోతుగా, నిదానంగా ఉన్న నీటిలో అడుగున ఉండిపోతుంది. తిండి కోసం నాలుగడుగులు కదలదు, ఎందుకంటే కదిలితే అయ్యే ఖర్చు దొరికే తిండి కన్నా ఎక్కువ. మన ఫ్లై దాని మూతి ముందు నుంచి పోవాలి. పోయినా నోరు తెరుస్తుందని నమ్మకం లేదు. తెల్లవారుజామున పోయి ప్రయోజనం లేదు, పదకొండు నుంచి మూడు దాకానే ఏదైనా ఆశ. అడుగుకి చేరడానికి బరువు కట్టిన ఫ్లైని గాలిలో వయ్యారంగా తిప్పడం కుదరదు, గిరాటెయ్యాలి. కర్రకున్న రింగుల్లో మంచు గడ్డ కట్టుకుపోతే వేళ్ళతో తీసుకుంటూ ఉండాలి. ఈ అవతారంలో ఎవరినీ సినిమా తియ్యరు.

ఇంత చేసినా చేప రాకపోవడానికి ముఖ్య కారణం ఒకటుంది. ఇంగ్లీషులో డ్రాగ్ అంటారు, నేను ఈడ్పు అంటాను. నదిలో నీరంతా ఒకే వేగంతో పారదు. మనకీ ఫ్లైకీ మధ్య నాలుగైదు ధారలుంటాయి, ఒక్కోదానిది ఒక్కో వేగం. మధ్యలో ఉన్న వడి ధార లైనుని విల్లులా వంచి కిందికి లాగుతుంది. ఆ లాగుడు చివరనున్న ఫ్లైకి తగులుతుంది. నీటితో పాటు పోవాల్సిన పురుగు నీటికి అడ్డంగా కదులుతుంది. మన కంటికి అది తెలియనంత చిన్న కదలిక. చేపకి తెలుస్తుంది. అక్కడే వదిలేస్తుంది.

నేను కొత్తగా దిగిన రోజుల్లో, దిగువన నిలబడ్డ ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "మీ ఫ్లై బాగానే ఉందండీ. దాన్ని మీరు పట్టుకుని ఉన్నారని చేపకి తెలిసిపోతోంది, అంతే," అన్నాడు. లైనుని నీటి మీద నుంచి లేపి ఎగువకి వెయ్యడం, అంటే ఫ్లైకి కాస్త సడలింపు ఇవ్వడం, ఆయనే చూపించాడు.

ఆ తర్వాత నవలిక మళ్ళీ చదివితే నాకు అది వేరే పుస్తకంలా కనిపించింది. అందులో చేపలు పట్టడం ఎంత ఉందో, సాయం అన్న మాట కూడా అంత ఉంది. నార్మన్ తమ్ముడికి సాయం చెయ్యాలనుకుంటాడు. అత్తగారూ భార్యా, తాగుబోతు బావమరిది నీల్‌కి సాయం చెయ్యమంటారు. ఎలాగో ఎవరికీ తెలియదు కనక చేపలు పట్టడానికి తీసుకెళ్ళమంటారు. అది ఎంత నవ్వులాటగా తేలుతుందో పుస్తకంలోనే చదవాలి. ఆ గొడవలోనే పాల్ ఒక మాట అంటాడు: నీల్ లాంటివాడికి, తనకి సాయం చెయ్యాలని ఎవరో ఒకరు ప్రయత్నించడమే కావాలేమో అని. నీల్ గురించి అన్నాడో తన గురించి అన్నాడో రచయిత తేల్చి చెప్పడు. తండ్రి వంతు వచ్చినప్పుడు ఆయన ఇంకో అడుగు ముందుకేస్తాడు. మనలో ఏది ఇవ్వాలో మనకి తెలియదు, తెలిసి ఇచ్చినది తరచు వాళ్ళకి అక్కర్లేనిది అయి ఉంటుంది అన్నది ఆయన బాధ. ఆ సంభాషణకి ఈడ్పు అన్న పేరు నేను పెట్టుకున్నాను. ఆ ఇంట్లో అందరి సాయానికీ వెనక లైను ఉంది. పాల్‌కి ఆ లాగుడు తెలుస్తుంది.

ఇక్కడే రచయిత నేర్పు చూడండి. ముగ్గురూ కలిసి బిగ్ బ్లాక్‌ఫుట్ నదికి వెళ్ళిన చివరి రోజున సాయం అందేది అన్న నుంచి తమ్ముడికి కాదు. నార్మన్‌కి చేపలు పడడం ఆగిపోతుంది, పాల్‌కి పడుతూనే ఉంటాయి. చేపలు తింటున్నది నీటి మీద తేలే పురుగుల్ని కాదు, మునిగిపోయిన స్టోన్‌ఫ్లైలని అని పాల్ చెబుతాడు, ఎలా కనిపెట్టాడో కూడా చెబుతాడు. వేసవంతా సాయం అవసరమైనవాడుగా మనం చూసినవాడు, తనకి వచ్చిన పనిలో అన్నకి దారి చూపిస్తాడు. రచయిత ఈ తారుమారు మీద వ్యాఖ్యానం చెయ్యడు. చేపల సంగతి చెప్పినట్టే చెప్పి వదిలేస్తాడు.

మనలో చాలామందికి ఆదివారం ఇండియా ఫోనులో ఇలాంటి మనిషి గురించి వినడం అలవాటే. మా పిన్ని, "నువ్వొకసారి మాట్లాడు నాన్నా, తమ్ముడు నీ మాటైతే వింటాడు," అంటుంది. ఇక్కణ్ణుంచి వెళ్ళే మాటకీ డబ్బుకీ ఎంత పొడుగు లైను కట్టి ఉంటుందో, మధ్యలో ఎన్ని ధారలుంటాయో చెప్పక్కర్లేదు. తమ్ముడు మర్యాదగా "సరే అన్నయ్యా" అంటాడు.

మన అమెరికా తెలుగు కథల్లో ఈ తమ్ముడు తరచు కనిపిస్తాడు. నేను చదివినంతలో అతనికి రెండే దారులు. అన్న పంపిన డబ్బుతో బాగుపడి చివరి పేరాలో కళ్ళు తుడుచుకుంటాడు, లేదా ఆ డబ్బు తినేసి అన్న మనసు విరిచేస్తాడు. ఎటు పోయినా కథ అన్నదే. తమ్ముడు అన్న మంచితనానికి కొలబద్ద. అతను ఏ పనిలో గొప్పవాడో, ఏ వేళలో అతన్ని చూస్తే ముచ్చటేస్తుందో మనం రాయం. మక్లేన్ అదే రాశాడు. పాల్ మణికట్టు ఎలా తిరిగిందో, ఏ రాయి మీద ఎలా నిలబడ్డాడో పేజీలకి పేజీలు రాశాడు. చేపల వివరాలు మరీ ఎక్కువయ్యాయని విసుక్కునేవాళ్ళుంటారు. నాకు ఆ వివరాలే ప్రేమ. అర్థం కాని మనిషి గురించి తీర్పులు చెప్పకుండా, అతని పనిని అంత శ్రద్ధగా చూడడం కన్నా అన్న చెయ్యగలిగింది ఏముంది?

అలాగని లోపాలు లేకపోలేదు. ఫ్లైతో పట్టేవాడు పైన, వానపాముతో పట్టేవాడు కింద అన్న తేడా ఈ పుస్తకం నిండా ఉంది. నీల్ చేతిలో ఉన్న పురుగుల డబ్బాయే అతని మీద తీర్పు. పట్టింపు మడి లాంటిదే, మనకి చప్పున పోలిక తెలుస్తుంది. హెమింగ్వే "బిగ్ టూ హార్టెడ్ రివర్" (1925) లో నిక్ సీసాడు మిడతల్ని ఏరుకుని ఎరగా వేస్తాడు, ఆ కథ గౌరవానికి లోటేమీ రాలేదు. అంతకన్నా పెద్ద లోపం ఆడవాళ్ళ సంగతి. పాల్‌తో తిరిగే షయాన్ వనిత జైలు గదిలో కనిపించి, నాలుగు ఎగతాళి మాటలు మిగిల్చి మాయమవుతుంది. ఆమెకి ఎవరి సాయం కావాలో ఎవరూ అడగరు. సాయం గురించి ఇంత ఆలోచించిన రచయిత ఆమె దగ్గర ఆగకపోవడం నాకు వెలితిగానే ఉంది.

అయినా చివరికొచ్చేసరికి మక్లేన్ దెబ్బ తప్పించుకోలేం. పాల్ చనిపోయాడన్న కబురు చెప్పాక, ఇంకేమైనా ఉందా అని తండ్రి అడుగుతాడు. చేతి ఎముకలన్నీ దాదాపు విరిగిపోయాయని నార్మన్ చెబుతాడు. తండ్రి అడిగేది ఎవరు చంపారని కాదు, ఏ చెయ్యి అని. కుడిచెయ్యి. అంటే కొడుకు చివరిదాకా తిరిగి కొట్టాడు. తాళం వేసి తాను నేర్పిన చెయ్యి కూడా అదే. ఈ ఒక్క ప్రశ్నలో ఏది ముందు తగిలిందో ఆయన మనకి చెప్పడు.

ఈ నవలిక వంద పేజీలకి కాస్త ఎక్కువ. హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో పెద్దలూ పిల్లలూ ఇద్దరూ చదివి మాట్లాడుకోదగ్గ పుస్తకాలు మనకి తక్కువ. తెలుగుది వాళ్ళు చదవలేరు, వాళ్ళవి మనం చదవం. ఇది ఇద్దరూ చదవగలిగినది. సినిమా ముందు చూసేశామని మానెయ్యకండి. విసిరే చోట్ల తొందరగా వెళ్ళిపోయినా ఫరవాలేదు, ఫ్లై నీళ్ళలో పడ్డాక మాత్రం నిదానంగా చదవండి. చదివాక పిల్లలతో నీల్ గురించి మొదలుపెట్టండి, పాల్ గురించి వాళ్ళే అడుగుతారు.