డోలి పాటకు కవి లేడా?

మేడారం జాతర దగ్గర పడిందంటే వరంగల్‌లో పాటలకు కొదువ ఉండదు. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పొడుగునా ఆటోల్లో, డీసీఎంల్లో, బెల్లం దుకాణాల ముందు డీజే పాట మోగుతూనే ఉంటుంది. ఆ పాటల మీద మాకు కోపం లేదు. వాటికి మేమూ ఎగిరినవాళ్లమే. అయితే మేం అభిమానులమైంది ఇంకో పాటకు. డోలు మోగించి, కంచుతాళాలు కలిపి, పడిగె ముందు నిలబడి కోయ వేల్పుల కథలు చెప్పే డోలీల పాటకు. ఆ పాట గొప్పదని చాలామంది అంటారు. అందులో ఏం గొప్ప ఉందో విప్పి చెప్పినవాళ్లు తక్కువ. మాకు తెలిసినంత చెప్పే ప్రయత్నం ఇది.

ముందు పడిగె సంగతి. అది మూడు మూలల గుడ్డ. వంశానికి మూలమైనవాళ్లు, జంతువులు, వేల్పులు దాని మీద బొమ్మలై ఉంటారు. డోలి చేతిలో పుస్తకం ఉండదు, పడిగే ఆయన పుస్తకం. బొమ్మల వరుసను మార్చే హక్కు ఆయనకు లేదు. కానీ ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలవాలి, దేన్ని రెండు మాటల్లో దాటాలి అన్నది ఆయన ఇష్టం. కొలుపులో కూర్చున్నవాళ్లను చూసి, వాళ్ల గోత్రాన్ని బట్టి ఒకచోట కథ పెంచుతాడు, ఒకచోట కుదిస్తాడు. మా దృష్టిలో కవిత్వం అక్కడే ఉంది. వరుస పెద్దలది, నిలకడ పాడేవాడిది.

రెండోది పేర్లు. పట్నం మిత్రులను వెంట తీసుకుపోతే వాళ్లు విసుగుపడేది ఇక్కడే. తాత పేరు, తండ్రి పేరు, గట్టు, గోత్రం, విడిచిన ఊరు, దాటిన వాగు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. కథ ఎప్పుడు మొదలవుతుందని వాళ్లు అడుగుతారు. కథ అదే. పేరు పడిన చోట డోలు దెబ్బ పడుతుంది, వంతవాళ్లు ఆ పేరును అందుకుంటారు. గుంపులో కూర్చున్న ముసలాయన తన గోత్రం వచ్చేసరికి సర్దుకొని నిటారుగా కూర్చోవడం మేం చూశాం. పట్టా కాగితం లేని కాలంలో ఏ మనిషి ఏ నేల నుంచి వచ్చాడో చెప్పిన సాక్ష్యం ఆ వరుస. దాన్ని వట్టి జాబితా అనుకుంటే పాటలో సగం పోయినట్టే.

సమ్మక్క కథనే తీసుకోండి. బజారు పాట అడవిలో పులుల మధ్య దొరికిన పాపతో మొదలై చిలకలగుట్ట మీది కుంకుమ భరిణెతో ముగుస్తుంది. మధ్యలో అంతా మహిమే. డోలి మాత్రం ముందు చుట్టరికం చెబుతాడు. పగిడిద్దరాజుది పూనుగొండ్ల. గోవిందరాజుది కొండాయి. సారలమ్మ కన్నెపల్లి నుంచి కదులుతుంది. జాతరలో ఈనాటికీ వాళ్లు ఆ ఊళ్ల నుంచే మేడారం గద్దెలకు చేరుతారు. పాట విన్నవాడికి అవి దేవతల ఊరేగింపులు మాత్రమే కావు, చుట్టాల రాకపోకలు. కాకతీయుల మీద పోరు కూడా ఒక తల్లి మహిమగా కాక ఇన్ని ఊళ్ల బంధువుల పోరుగా వినబడుతుంది.

ఈ పాటను లోకానికి వినిపించినవారిలో మణుగూరు మండలం కూనవరం నివాసి సకిని రామచంద్రయ్య ముఖ్యుడు. చదువు రాకపోయినా గరికామరాజు, పగిడిద్దరాజు, ఇర్రమరాజు కథలను కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయాడు. అప్పుడు పత్రికలన్నీ ‘కళాకారుడు’ అని రాశాయి. ‘కవి’ అన్న మాట మాకు కనబడలేదు. మా పేచీ అంతా ఆ ఒక్క మాట దగ్గరే.

బీటిల్స్ బృందంలో లెనన్, మెకార్ట్నీ ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరిలో ఎవరు రాసినా పాట కింద ఇద్దరి పేర్లూ ఉండాలని. ప్రపంచం దాన్ని గౌరవించింది. నలుగురు కలిసి కట్టిన పాటకు కర్తలు ఉండగలరని ఒప్పుకుంది. అదే పని తరాలుగా చేస్తున్న డోలీల పాట మాత్రం జానపదం. జానపదం అనగానే కర్త మాయమవుతాడు. తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు, ఒక చరణం కోసుకొని స్టూడియోలో తమ పేరు పెట్టుకోవచ్చు.

మెచ్చుకున్నాం గనుక లోపం కూడా చెప్పాలి. సమ్మక్క, సారలమ్మ యుద్ధం చేసిన కథే అయినా మేం విన్న బృందాల్లో డోలు మగవాళ్ల మెడలోనే ఉంది. ఆడబిడ్డలకు ఈ విద్య ఎందుకు అందలేదో పెద్దలు జవాబు చెప్పాలి. నేర్చుకోవడానికి మగపిల్లలూ ముందుకు రావడం లేదు గనుక ఆ జవాబు తొందరగా కావాలి. ఇంకోటి, సభల్లో అయిదు నిమిషాలిస్తే డోలీలు ముందు వదిలేసేది పేర్లనే. మిగిలేది డోలు చప్పుడు, తలపాగా, ఫొటో. ఆ అయిదు నిమిషాలకు ఒప్పుకుంటున్న తప్పు మనలోనూ ఉంది.

మేం అడిగేది పెద్దదేం కాదు. డోలి పాటను అచ్చువేస్తే పాడినాయన పేరు, ఊరు పైన వేయండి. కోయ మాటలను దిద్దకుండా ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో రాయండి. పేర్ల వరుసను కోయకండి. కొలుపు రాత్రి ఒక్కసారి తెల్లవారేదాకా కూర్చోండి. ఈ పాటకు కవి ఉన్నాడో లేడో తెల్లారేసరికి మీరే చెబుతారు.