పాట పక్కన ఏ పాట?

కృష్ణా జిల్లా చల్లపల్లి నుంచి ఏ దారిన వెళ్లినా పాట ఎదురవుతుంది. దగ్గర్లోనే కూచిపూడి, దాని పొరుగునే క్షేత్రయ్య పదాల్లో నిలిచిపోయిన మొవ్వ. మోపిదేవి మండలంలో పెదకళ్లేపల్లి ఉంది. సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి, కవి వేటూరి సుందరరామమూర్తి ఇద్దరిదీ ఆ ఊరే. గుడివాడ వైపు వెళితే ఘంటసాల వేంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి, పెండ్యాల నాగేశ్వరరావు పుట్టిన వానపాముల వస్తాయి. పాడేవాళ్లు, వరసలు కట్టేవాళ్లు ఇంతమంది పుట్టిన సీమలో వినడం కూడా ఒక విద్యగా ఎదిగింది. నచ్చిన పాటలు ఏరి, వాటిని ఒక వరసలో పెట్టి, తోటి అభిమాని చేతికివ్వడం ఆ విద్యలో ఒక శాఖ. ఒకప్పుడు క్యాసెట్లలో సాగిన ఆ పని ఇప్పుడు ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో సాగుతోంది. దాని మెళకువలు మాత్రం మారలేదు. అవి తెలిసినవాళ్లు మనమధ్య ఉండగానే నేర్చుకోవాలి.

రేడియో వేసిన బాట

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. డెల్టా ఊళ్లకు పాటల కూర్పు రుచి మొదట చూపించింది అదే. పొద్దున్నే వచ్చే ‘భక్తిరంజని’లో ఒక స్తోత్రం, ఒక తత్వం, ఒక కీర్తన వేర్వేరు గొంతుల్లో, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ఆ వరస వెనక ఎవరో కూర్చుని ఆలోచించారని శ్రద్ధగా వినేవాళ్లకు తెలిసేది. సినిమా పాటల కార్యక్రమాల్లో పాట వేసే ముందు చిత్రం పేరు, రాసినవారు, సంగీతం, పాడినవారు అని చెప్పేవారు. పాట అనగానే గాయకుడొక్కడే కాదు, కవీ స్వరకర్తా కూడా ఉన్నారన్న ఎరుక అలా చెవుల ద్వారానే జనంలోకి వెళ్లింది. తర్వాత క్యాసెట్టు అట్టమీద రాసుకున్న వివరాలకు ఆ ప్రకటనలే నమూనా.

అరవై నిమిషాల లెక్క

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్టు 1980లలో మన ఊళ్లన్నిటికీ చేరింది. విజయవాడలోనే కాదు, చిన్న పట్టణాల్లోనూ రికార్డింగ్ షాపులు వెలిశాయి. పాటల లిస్టు రాసుకుని వెళ్లి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి నింపించుకునేవారు. లిస్టు రాయడంలోనే పనితనమంతా ఉండేది.

సిక్స్టీ క్యాసెట్టుకు సైడుకి ముప్పై నిమిషాలు. నైంటీలో ఎక్కువ పాటలు పట్టినా టేపు పలచన, వన్ ట్వంటీ మరీ పలచన, తొందరగా చిక్కుపడేవి. అందుకే అనుభవమున్నవాళ్లు సిక్స్టీనే అడిగేవారు. డెబ్బై ఎనిమిది చుట్ల గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడుంపావు నిమిషాలు. 1950ల నాటి పాటలు చాలావరకు ఆ కొలతకు తగ్గవే. అలాంటివి ఎనిమిది వేస్తే ఇరవై ఆరు నిమిషాలు, మధ్యలో వదిలే ఖాళీలకు ఇంకో అర నిమిషం. మిగిలిన మూడున్నర నిమిషాల్లో ఇంకో పాట వేస్తే, అది కాస్త పొడవైనా చివరి చరణం తెగిపోయే ప్రమాదం ఉంది. నిమిషమో నిమిషమున్నరో ఉండే సినిమా పద్యాలు అక్కడ చక్కగా అమరుతాయి. ఒక సైడు పద్యంతో ముగిస్తే, వినేవాడు క్యాసెట్టు తిప్పేలోపు ఆ రాగం చెవిలో నిలుస్తుంది.

మిగతావి చేతి మెళకువలు. టేపు మొదట్లో ఉండే లీడర్ మీద ఏమీ రికార్డు కాదు కాబట్టి కొంచెం ముందుకు తిప్పి మొదలెట్టాలి. పాత రికార్డు సన్నగా, కొత్త పాట గట్టిగా పలికితే ప్రతిసారీ లేచి వాల్యూమ్ సర్దుకోవాల్సి వస్తుంది కాబట్టి నింపేటప్పుడే స్థాయి సమం చేయాలి. పని అయ్యాక వెనక ఉన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయాలి, లేకపోతే పొరపాటున ఎవరో దానిమీద ఇంకేదో రికార్డు చేస్తారు.

ఒక కూర్పు కడదాం

ఉదాహరణకు ‘కృష్ణాతీర స్వరకర్తలు’ అని పేరు పెట్టుకుని ఒక కూర్పు మొదలెడదాం. మొదటి పాట వినేవాణ్ణి కూర్చోబెట్టాలి. అందరికీ తెలిసినదైతే మేలు. సుసర్ల సంగీతం ఇచ్చిన ‘సంసారం’ (1950)లో ఘంటసాల పాడిన పాట ఆ పని చేస్తుంది. వెంటనే మరో ఏకగళం వద్దు. ఘంటసాల స్వరపరచిన ‘పాతాళభైరవి’ (1951) నుంచి ఘంటసాల, లీల యుగళం వేస్తే కొత్త గొంతు కలిసి, నడక మారుతుంది.

పెండ్యాల ‘జగదేకవీరుని కథ’ (1961)లో ఘంటసాల పాడిన దర్బారీ కానడ రాగపు పాట దాదాపు రెండు పాటలంత పెద్దది. అంత బరువైన పాటను మధ్యలో వేస్తే దాని తర్వాత వచ్చే పాటకు పాపం చోటుండదు. దాన్ని సైడు చివర్లో ఉంచి, ముందు ఒక తేలికైన పాటతో దారి వేయాలి. రెండో సైడును ‘నర్తనశాల’ (1963)లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బెంగుళూరు లత పాడిన పాటతో మొదలెట్టొచ్చు. ఈ ఎంపిక వెనక ఒక కథ ఉంది. ఆ పాటకు వరస కట్టిన సుసర్ల దక్షిణామూర్తి తాతగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన విద్వాంసులు. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యులు బాలమురళీకృష్ణ. అంటే ఒకే గురువు మనవడు, ప్రశిష్యుడు ఆ సినిమా పాట దగ్గర కలిశారు. ఈ రెండు వాక్యాలు పాటతోపాటు పంపితే, వందసార్లు విన్నవాళ్లు కూడా మళ్లీ కొత్తగా వింటారు.

హద్దు పాటించడం ఇంకో మెళకువ. వేటూరి పెదకళ్లేపల్లివారే కదా అని ‘శంకరాభరణం’ (1980) చేర్చాలని మనసు లాగుతుంది. ఆ సినిమాకు సంగీతం కె.వి. మహాదేవన్‌ది. స్వరకర్తల కూర్పు అని పేరు పెట్టాక ఆ పాటలు ఎంత ఇష్టమైనా వదులుకోవాలి, కవులతో వేరే కూర్పు కట్టుకోవాలి. ‘మాయాబజార్’ (1957) చేరిస్తే ఒక గమనిక రాయాలి. అందులో సంగీతం ఘంటసాలదే అయినా కొన్ని వరసలు అంతకుముందే సాలూరు రాజేశ్వరరావు కట్టినవి. వాటిని ఘంటసాల ఖాతాలో వేయడం సాలూరుకు అన్యాయం.

చెన్నైలో ఉంటూ వేలాది గ్రామఫోన్ రికార్డులు సేకరించిన వి.ఎ.కె. రంగారావు హెచ్.ఎం.వి. కోసం ‘అలనాటి అందాలు’ సంకలనాలు కూర్చారు. పాట ఎంత ముఖ్యమో దాని పుట్టుపూర్వోత్తరాలూ అంతే ముఖ్యమని నమ్మిన సేకరణకర్త ఆయన. ఇంట్లో కూర్చుని పాటలు ఏరేవాళ్లకూ ఆ పట్టింపే ఆదర్శం కావాలి.

తెర మీదికి వచ్చాక

1990లలో అమెరికా చేరిన తెలుగు విద్యార్థులు ఇంటర్నెట్‌లో పాటల ముచ్చట్లు మొదలెట్టారు. తెలుగు అక్షరాలు తెరమీద రాని రోజుల్లో రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే సాహిత్యం టైపు చేసి పంచుకున్నారు. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తర్వాతి కాలంలో అరుదైన పాత ఆడియోలను వ్యాఖ్యలతోసహా పాఠకులకు అందించింది. ఈలోగా మన ఊళ్లలో క్యాసెట్టు పోయి ఎంపీత్రీ సీడీ వచ్చింది. ఒక్క సీడీలో నూటయాభై పాటలు పట్టాయి. ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపులో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకునే రోజులొచ్చాయి. చోటు పెరిగేకొద్దీ ఎంపిక తగ్గింది, పేర్లూ రాలిపోయాయి. ‘ట్రాక్ 07’ అని వచ్చే పాటకు కవి ఎవరో, స్వరకర్త ఎవరో చెప్పేదెవరు?

అందుకే నేటి కూర్పరి పని ఇంకా పెద్దది. పాత రికార్డును డిజిటల్‌లోకి మార్చేటప్పుడు డెబ్బై ఎనిమిది చుట్ల ప్లేటుకు దాని వెడల్పు గాడికి తగిన ముల్లే వాడాలి. వేగం సరిచూడాలి. ఆరు శాతం ఎక్కువ తిరిగితే శ్రుతి అరస్వరం పైకి పోయి, తెలిసిన గొంతే పరాయిగా వినిపిస్తుంది. గరగరలు తీసేసే సాఫ్ట్‌వేర్ మితిమీరితే వయొలిన్ మెరుపు కూడా పోతుంది. అసలు ప్రతిని ఫ్లాక్ రూపంలో భద్రపరచి, పంచుకునేందుకే ఎంపీత్రీ చేయాలి. ఎంపీత్రీ నుంచి మళ్లీ ఎంపీత్రీ తీస్తే ప్రతిసారీ కొంత నాదం పోతుంది. పాట ఫైలులోనే చిత్రం, సంవత్సరం, కవి, స్వరకర్త, గాయకుల పేర్లు తెలుగులో నింపాలి. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోతే ఇది ఏ ప్రతి అన్నది రాయాలి.

పంచుకునే ధర్మం

పాట మీద ప్రేమ ఉన్నవాళ్లు హక్కులనూ గౌరవించాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు హక్కు అది విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు ఉంటుంది. 1957లో వచ్చిన రికార్డుకు 2017తో గడువు తీరింది. అయితే సాహిత్యం హక్కు కవి మరణం తర్వాత అరవై ఏళ్లదాకా నిలుస్తుంది. సినీకవి పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన పాటల సాహిత్యానికి 2031 చివరిదాకా హక్కు ఉంది. సొంతానికి వినడం వేరు, ఎవరైనా దించుకునేలా నెట్లో పెట్టడం వేరు. హక్కులున్న పాటల విషయంలో జాబితా, వరస, వ్యాఖ్య పంచుకుంటే చాలు. పాటలు అధికారిక వేదికల మీద ఎవరికి వారు వింటారు. కూర్పరి సొంత కష్టం ఎటూ ఆ వరసలోనూ వ్యాఖ్యలోనే ఉంది.

యాప్‌లు కూడా పాటలు వరసగా వేస్తాయి. ఒకే గాయకుడివో, ఒకే హీరోవో, నిన్న విన్నవాటిలాంటివో తెచ్చి పెడతాయి. తాత శిష్యుడి శిష్యుడూ మనవడూ ఒక పాటలో కలిశారని గుర్తించి దాన్ని మీకోసం మొదట్లో పెట్టాలంటే, ఆ పాటనూ ఈ సీమనూ మిమ్మల్నీ ఎరిగిన మనిషి కావాలి. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల బీరువాల్లో పేర్లు చెరిగిన క్యాసెట్లూ ఉన్నాయి, టేపు ఏడాదికేడాది పాడవుతోంది. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్కో క్యాసెట్టు వింటూ, ఏది ఎవరి పాటో, ఎందుకు ఆ పాట పక్కన ఈ పాట పెట్టారో అడిగి రాసుకోండి. రాసుకున్నదాన్ని నలుగురికీ పంపండి. అందులో తప్పుంటే దిద్దేవాళ్లూ ఆ నలుగురిలోనే ఉంటారు.