నాపరాళ్ళ లెక్క

గోడలు లేచి, పైకప్పు పడి, తలుపులు నిలిచిన పిదప, యజమాని చేతిలోని ధనమును మనసులోని ఓర్పును ఒక్కమారే సన్నగిల్లు సమయమున వచ్చునది నేలపని. అందువలననే కాబోలు, ఇంటిపనులన్నిటిలోను మిక్కిలి తొందరగా అంచనా వేయబడునదియు అదియే. గది పొడవును వెడల్పుచే హెచ్చవేసి, వచ్చిన చదరపు అడుగులను రాతి ధరచే గుణించి, ఆ మొత్తమునే నేల ఖర్చని నమ్ముట మనలో పరిపాటి. ఆ గుణకారమున దోషము లేదు. కాని అది కొనవలసిన రాతిని సుమారుగా చెప్పునే గాని, ఆ రాతి క్రింద చేరవలసిన దానిని గూర్చియు, దానిని పరచు మనుష్యుని గూర్చియు ఏమియు చెప్పదు.

తాపీపనివారి సరసను కూర్చుండి వారి లెక్కలు వినుట నాకు చిరకాలముగా ప్రీతి. బేతంచెర్ల, తాండూరు, కడప ప్రాంతముల గనులలో దొరకు నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. పొరలుండుట వలననే అది పలకలుగా సులభముగా చీలును, ఆ కారణముననే దాని మందము అన్నిచోట్ల ఒకే తీరుగా నుండదు. ఒక బండ పలుచనై, ప్రక్క బండ దళసరియైనచో, ఆ భేదమును తనలో ఇముడ్చుకొనవలసినది క్రిందనున్న ఇసుక సిమెంటుల పరుపు. కావున నాపరాతి నేలకు అంచనా వేయువాడు పైకి కనబడు దానితోపాటు, కనబడని దానిని గూడ కొలువవలసియున్నది.

13 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గల గదిని తీసికొందము. విస్తీర్ణము 143 చదరపు అడుగులు. రెండడుగుల చదరపు బండ ఒక్కొక్కటి 4 చదరపు అడుగులు గనుక, భాగహారము 36 బండలు చాలునని చెప్పును. అయితే నేలపై సుద్దతో గీచి చూచినచో 30 నిండు బండలును, రెండు అంచుల వెంబడి 11 సగములును, మూలనొక పాతికయు కావలసివచ్చును. ప్రతి సగమునకును క్రొత్త బండను కోసి, మిగిలిన ముక్కను పారవేయుచు పోయినచో 42 బండలు తీరిపోవును. అట్లుగాక, కోసిన రెండవ సగమును వేరొకచోట కూర్చుకొనుచు వచ్చినచో 36 తోనే పని ముగియును. గది అదియే, రాయి అదియే. ఆరు బండల అంతరము మాత్రము మేస్త్రి వివేకములో నున్నది.

తరువాత గోడల అడుగున నాలుగంగుళముల పట్టీ. చుట్టుకొలత 48 అడుగులలో వాకిలికి 3 తీసివేయగా 45 అడుగులు. ఒక బండను కోసినచో 12 అడుగుల పట్టీ వచ్చును గనుక మరి నాలుగు బండలు. మొత్తము నలుబదింటికి విరుగుడు క్రింద పదింట ఒక వంతు చేర్చినచో 44. ఈ నాలుగును వృథావ్యయమని తలపరాదు. పిమ్మట తెప్పించిన లోడులోని రాయి మొదటి రాతి వన్నెతో కలియుట అరుదు గనుక, మిగిలిన బండలను దాచియుంచినవాని నేలకే మునుముందు మరమ్మతు సాధ్యమగును.

పరుపు సంగతి ఇంతకంటె సూక్ష్మము. ఒకటిన్నర అంగుళము మందమునకు ఇంచుమించు 18 ఘనపు అడుగుల మాలు కావలెను. తడిపినప్పుడు కుదించుకొనిపోవును గనుక పొడి సరకు 24 ఘనపు అడుగులు. ఒకటికి ఆరు పాళ్ళలో కలిపినచో ఇసుక 20 ఘనపు అడుగులకు పైచిలుకు, సిమెంటు మూడు బస్తాలు, బండ క్రింద పోయు సిమెంటు పాలకు మరియొక బస్తా. అయితే అడుగు నేల ఒక ప్రక్కకు వాలి, పరుపు సగటున అర అంగుళము పెరిగినంత మాత్రముననే మాలు మూడవ వంతు హెచ్చును. "సామీ, నేల మట్టం చూడకుండా బస్తాలెన్నో నేనెట్ల చెప్పేది?" అని ఒక రాయలసీమ మేస్త్రి నాతో అన్నమాట ఈ విద్యకంతకును మూలసూత్రమని నా విశ్వాసము. నీళ్ళ గొట్టముతో నాలుగు మూలల మట్టము చూచినగాని ధర పలుకనివాడు జాప్యము చేయుటలేదు. సత్యము పలుకుటకు సిద్ధపడుచున్నాడు.

కూలి మాటయు అట్టిదే. 1150 ప్రాంతమున వెలసిన లీలావతీగణితమున భాస్కరాచార్యుడు త్రవ్వకమునకును, ఇటుకల పేర్పునకును, రంపపు కోతకును వేర్వేరు లెక్కలు చెప్పి, వెల మాత్రము పదార్థపు మెత్తదనమును కాఠిన్యమును బట్టి పనివారితో ఒడంబడి నిర్ణయించుకొనవలసినదని విడిచెను. క్షేత్రగణితమున పారంగతుడైనవాడు శ్రమకు వెల కట్టునప్పుడు శ్రామికుని సంప్రతింపుమనుట ఎంతటి ఔచిత్యము! కావున రాయి, రవాణా, దింపుడు కూలి, సిమెంటు, ఇసుక, పరచుట, కోత, పాలిషు అని పద్దులు విడివిడిగా వ్రాసి, మేస్త్రిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఒక్కొక్కటియే ఒప్పుకొనుట ఉచితము.

ఇంత విస్తరించి చెప్పుటకు కారణమొకటి కలదు. అంచనాలో మరచిన వ్యయము మాయమైపోదు. ఎవరో ఒకరు దానిని చెల్లించియే తీరుదురు. రాతి వెల అంగడిలో తగ్గదు గనుక, ఆ లోటు కూలివాని దినవేతనము మీదనో, పరుపులోని సిమెంటు మీదనో పడును. మొదటిది అన్యాయము, రెండవది కొన్నాళ్ళకు డొల్ల మ్రోగుచు బీటలువారు నేల. పని మొదలు పెట్టకముందు ఒక పూట వెచ్చించి, సుద్దముక్కతోను మట్టపు గొట్టముతోను వేసిన అంచనా యజమానిని అప్పునుండియు, పనివానిని నష్టమునుండియు ఒక్కమారే కాపాడును; నేలపనికి పూనుకొను ప్రతి గృహస్థుడును రాతికి బయానా ఇచ్చుటకు ముందే ఆ పూటను కేటాయించుకొనవలెను.