వకీలును, నోరు విప్పని సాక్షియు

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అను సామెత ఎరుగని తెలుగు గృహము లేదు. వకీలనగా అబద్ధమును నమ్ముకొని బ్రతుకువాడను తలంపు మనకు ఉగ్గుపాలతోనే అబ్బినది. ఈ తలంపును మన సాహిత్యము దిద్దినదా, పెంచినదా? పెంచినదనియే మా యభిప్రాయము. అంతియే కాదు, వకీలును చూపి నవ్వించుచు, ఆ నవ్వు చాటున మఱియొకనిని దాచినదనియు మాకు తోచుచున్నది.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880 లో "వ్యవహార ధర్మబోధిని" వ్రాసిరి. ప్లీడర్ల మోసములను, కక్షిదారుల వెఱ్ఱితనమును వాడుకమాటలలోనే బయటపెట్టిన ప్రహసనమది. ఆ కాలమునకు దాని యవసరము కలదు. కొత్త కోర్టులు, కొత్త చట్టములు, వాని నడుమ దారి తెలియని రైతు, దారి చూపెదనని చేయి చాచినవాడు: ఇట్టి దశలో సంస్కర్త కొరడా పట్టక యెట్లుండును? కాని ఆ కొరడా తగిలిన చోటనే మనవారు నేటికిని కొట్టుచున్నారు. కథలో నల్లకోటు కనబడినచో వాడు మోసగాడో, విదూషకుడో కావలసినదే. చలనచిత్రముల వకీలు వేరొక తెగ. బల్ల గ్రుద్ది అరచి, కడపటి నిమిషమున సాక్షిని తలుపు తోసికొని రప్పించును. అట్లు వచ్చిన సాక్షిని మేమెరిగిన వకీలెవడును చూచియుండలేదు.

మాయొద్ద చదివినవాడొకడు పదేండ్లుగా చిత్తూరునను తిరుపతిలోను వకాలతు చేయుచున్నాడు. అతని దినచర్య యెట్టిదని అడిగితిమి. విన్నపిదప, అందు మోసమునకు తీరికయే లేదని తోచినది. తెల్లవాఱకమునుపు కట్టలు విప్పి చదువుట, గుమాస్తాకు పని చెప్పుట, పదిన్నరకు పిలుపునకు నిలుచుట. తన కేసు నలువదవది. మధ్యాహ్నము దాటిన పిదప అది పిలువబడును, ఎదుటి వకీలు మఱియొక కోర్టులో నుండును, వాయిదా. కుప్పము వైపునుండి కూలి పోగొట్టుకొని వచ్చిన కక్షిదారుడు ఆ వాయిదా తన వకీలే వేయించెనని నమ్మి, రుసుము మాట ఎత్తకుండ బస్సెక్కును. ఎఱ్ఱచందనపు కేసులలో పట్టుబడిన కూలీలు పెక్కుమంది తమిళనాటి కొండపల్లెలవారు. వారిది అరవము, ఇచ్చటి కాగితములది తెలుగు, పై కోర్టులది ఇంగ్లీషు. జామీను మంజూరైనను పూచీ నిలుచు నాథుడు లేక చెఱలోనే యుండువారు కలరట. ఇది చాలదన్నట్లు 1 జూలై 2024 నుండి చట్టములే మాఱినవి. హత్యయనగా మూడువందల రెండని పల్లెవారికి సైతము నోటికి వచ్చిన అంకె నూటమూడైనది. పాత నేరమునకు పాత అంకె, కొత్త నేరమునకు కొత్త అంకె. రెంటిని మోయువాడు వకీలు.

తిరుచానూరున పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు గణితోపాధ్యాయులై, పిదప వకీలై, 1956 నుండి 1962 వరకు లోకసభాధ్యక్షపదవి నధిష్ఠించిరి. బడి విడిచి కోర్టుకు పోయినవారిని చూచి మావంటి పంతుళ్లు కొంచెము అసూయపడుటకు వారొక కారణము. మా శిష్యుని మాటలు విన్నపిదప ఆ యసూయ చాల తగ్గినది.

హత్యకేసులను గూర్చి అడిగితిమి. శవపు ఛాయాచిత్రములు చూచుట తొలినాళ్లలో కష్టము, పిమ్మట అలవాటగును, అలవాటు కానిది వేఱొకటి అని యతడు చెప్పెను. కన్నులార చూచినవాడు నాడు పోలీసులకు సమస్తము చెప్పును. రెండేండ్లకో, మూడేండ్లకో బోనెక్కి, ప్రమాణము చేసి, "నేనేమీ చూడలేదు సామీ" అనును. పోలీసులకు చెప్పిన మాట దానంతట సాక్ష్యము కాదు. న్యాయాధిపతి యెదుట చెప్పినదే సాక్ష్యము. అప్పుడు ప్రభుత్వపు వకీలు తాను పిలిచిన సాక్షిని ప్రతికూలునిగా ప్రకటింపుమని కోరి, తానే ఎదురు ప్రశ్నలు వేయవలసివచ్చును. "అయ్యవారూ, ముద్దాయి తరపున నేనున్నప్పుడు అది నాకు గెలుపు. ఆ రాత్రి అన్నము సహింపదు" అని యతడనెను. గెలిచి యింటికి వచ్చి ఏడ్చువారిలో వకీలును కలడని సామెత చెప్పలేదు.

బోనులో తల వంచుకొనిన ఆ సాక్షియే మన సాహిత్యము దాచినవాడు. వాడు దుర్మార్గుడు కాడు. అంగడి పెట్టుకొన్నవాడు, గుమాస్తా, పొరుగింటి యజమాని, ఒక్కొక్కచో బడిపంతులు. అనగా ఈ పత్రిక చదువువారిలో నెవరైనను కావచ్చును.

దాచినదను మాట పరిశీలింపవలసియున్నది. న్యాయస్థానమును రంగమునకెక్కించిన ప్రాచీన నాటకములలో మృచ్ఛకటికము ముఖ్యము. తొమ్మిదవ యంకమున చారుదత్తునిపై వసంతసేనను చంపెనను నేరము మోపబడును. ఆ సభలో అధికరణికుడు కలడు, శ్రేష్ఠి కలడు, కాయస్థుడు కలడు, వకీలు లేడు. చారుదత్తుడు తన పక్షమును తానే చెప్పుకొనవలెను, సరిగా చెప్పుకొనలేడు. మంచివాడైన ముద్దాయికి వకీలెందుకు కావలయునో ఆ యంకము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను అందలి నిజమైన లోపము సాక్షి లేకుండుట. జరిగినదెఱిగిన స్థావరకుడు శకారుని బానిస. వానిని శకారుడు సంకెలలు వేసి మేడమీద బంధించెను. పదియవ యంకమున చారుదత్తుని వధ్యస్థానమునకు కొనిపోవు చాటింపు విని, వాడు సంకెలలతోనే మేడమీదనుండి దుమికి నిజము చెప్పును. ఎవ్వరును నమ్మరు. ఇతడు నా బంగారము దొంగిలినందులకు కొట్టితిని, ఆ పగతో చెప్పుచున్నాడని శకారుడనును. రహస్యముగ కడియమిచ్చి నోరు మూయింపజూచును. వాడా కడియమును పైకెత్తి చూపగా, అదిగో నా సొత్తే అనును. బానిస నిజము చెప్పినను నమ్మువారు లేరని స్థావరకుడు వాపోవును. నేటి సెషన్సు కోర్టులో సాక్షిని అల్పుని చేయుటకు వేయు ప్రశ్నలు దీనికంటె కొత్తవి కావు.

కన్యాశుల్కమునకు వత్తము. 1892 లో ప్రదర్శింపబడి, 1897 లో అచ్చై, 1909 లో తిరుగవ్రాయబడిన ఈ నాటకమున వకీళ్లు పలువురు. వారి తగవులు, కక్షిదారులకై వారి పెనుగులాట చూచి మనము కడుపుబ్బ నవ్వుదుము. కాని దాని వెన్నెముకయొక్క హత్యానేరము. లుబ్ధావధానులు తాను కొని పెండ్లియాడిన పిల్లను చంపెనని అభియోగము. ఆ పిల్ల పిల్లయే కాదు, ఆడువేషము వేసిన మగబిడ్డ. ఈ రహస్యమెరిగినవాడు, కల్పించినవాడు కరటకశాస్త్రి. అతడు నోరు విప్పిన ముసలివాడు బ్రతుకును. విప్పిన తన మెడకే చుట్టుకొనును. తన మేనకోడలు సుబ్బిని ఆ పెండ్లినుండి తప్పించుటకై సాహసించిన మంచివాడే, బోను దగ్గఱకు వచ్చుసరికి చాటున నిలుచును. నిజమును సౌజన్యారావు పంతులు చెవిని వేసినది మధురవాణి. ఆమెను మనము నాటకపు కథానాయికగా మెచ్చుకొందుము. మెచ్చుకొనుచు కరటకశాస్త్రిని మఱచిపోవుదుము. అతని హాస్యమొక్కటే మనకు జ్ఞాపకముండును.

రెంటిని పోల్చి చూడుడు. ఒకచోట బానిస, మఱియొకచోట వేశ్య. మర్యాదస్థుడు మాత్రము రెండుచోట్లను మౌని. పోగొట్టుకొనుటకు మర్యాద లేదని లోకము తేల్చినవారే నిజము చెప్పిరి. శూద్రకుడు స్థావరకుని దాస్యమునుండి విడిపించి ఋణము తీర్చుకొనెను. గురజాడవారు మధురవాణికి సౌజన్యారావు గౌరవము నిప్పించిరి.

ఇంతకంటె విశేషమొకటి కలదు. ఈ రెండు నాటకములలోను శవము లేదు. వసంతసేన మూర్ఛ తేఱి వచ్చును. కన్యాశుల్కపు వధువు పుట్టనేలేదు. చచ్చినవారు లేని హత్యలు గనుక నిజము బయటపడిన వెంటనే అందఱును ఇంటికి పోవచ్చును. మౌనము వహించినవానిని క్షమించుట సులభము. చచ్చినవారు నిజముగ చచ్చినప్పుడు, నిజము చెప్పినవాడు మఱునాడు ఆ వీథిలోనే అంగడి తెఱువవలసివచ్చినప్పుడు ఏమగునో మన మహానాటకములు చెప్పలేదు. ఇది వాని లోపమని మేమనము. అవి వేఱు పనికై పుట్టినవి. తరువాతివారు అందుకొనకపోవుట లోపము.

అందుకొనదగినవారొకరు కలరు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922–1993) విశాఖపట్టణమున వకాలతు చేసినవారు. వారి "ఆరు సారా కథలు" మద్యనిషేధచట్టము చేత చిక్కిన బీదల కథలు. వానిలో "మాయ" మాకు మిక్కిలి ఇష్టము. సారా కేసులో ముద్దాయియైన ముత్యాలమ్మ, వృత్తిలో కొత్తగా దిగిన వకీలునకు లోకమెట్లు నడుచుచున్నదో చెప్పును. చదువుకొన్నవాడు వినును, చదువు లేనిది బోధించును. వకీలు నిస్సహాయతను లోపలనుండి చూపిన కథ తెలుగున దీనివంటిది అరుదు. అయినను సారా కేసులలో మనవంటి గృహస్థుడు సాక్షిగా కనబడు నవసరము తక్కువ. అందు పోలీసు, కోర్టు, బీదవాడు అను మూడు కొనలే కలవు. శాస్త్రిగారి కోపము మొదటి రెంటిపై, జాలి మూడవదానిపై. పాఠకుడు ఆ జాలిలో పాలు పంచుకొని సుఖముగ నిద్రించును. ఇంత గొప్ప రచయిత మనలను ఒక్కసారి బోనెక్కించియుండిన బాగుండెడిది.

ఇది వట్టి సాహిత్యచర్చ యనుకొనువారికి చిత్తూరునే చూపెదము. 17 నవంబరు 2015 న నగరపాలక కార్యాలయములోనే, పట్టపగలు, బురఖాలు ధరించి వచ్చిన హంతకులు మేయరు కటారి అనూరాధగారిని కాల్చి చంపిరి. ఆమె భర్త మోహన్ గారు కత్తిపోట్లకు నాడే మరణించిరి. ఐదుగురికి ఉరిశిక్ష విధించుచు చిత్తూరు కోర్టు తీర్పు చెప్పినది 2025 అక్టోబరులో. చట్టము ప్రకార మట్టి శిక్షను హైకోర్టు ధ్రువపఱచవలెను. ఉరిశిక్ష యుచితమా కాదా యను వాదము నిచ్చట ఎత్తము. పదేండ్లను లెక్కింపుడు. నాడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు పదవ తరగతి దాటినాడు. ఇంత దీర్ఘకాలము చూచినదానిని మనసున నిలుపుకొని, అవే వీథులలో తిరిగి, పిలిచిననాడు వచ్చి చెప్పుట సామాన్యుడైన సాక్షికి ఎంతటి భారము! దీనిపై నవల యొకటైన రాదగదా?

వకీలే హతుడైన సందర్భమును కలదు. 17 ఫిబ్రవరి 2021 న గట్టు వామనరావు, నాగమణి అను న్యాయవాద దంపతులు మంథని కోర్టునుండి హైదరాబాదునకు మరలుచుండగా పెద్దపల్లి జిల్లా కల్వచర్ల యొద్ద నడిబాటలో నరకబడిరి. బండ్లు ఆగినవి. కొందఱు ఫోనులలో ఆ దృశ్యమును పట్టిరి. 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. ఫోను పట్టినవారిని నిందించుట సులభము, మేము నిందింపము. కత్తులకు అడ్డుపడుమని ఎవనికి చెప్పగలము? వారు ఆ సాయంకాలము ఇంటికి పోయినపుడు ఇంటివారేమనిరి? "ఎవరికిని చెప్పవద్దు, మనకెందుకు" అనిరా, "చూచినది చెప్పి రమ్ము" అనిరా? కథ పుట్టవలసినది ఆ గదిలో.

ఇట్టి కథ వ్రాసిన సాక్షులు మఱింత బెదరుదురని కొందఱందురు. బెదరుటకు కారణమున్నచో దాచుటవలన అది పోదు. ఆత్మరక్షణకు దారియు కలదు; అది పెక్కిండ్లకు తెలియదు గనుక చెప్పుచున్నాము. 5 డిసెంబరు 2018 న సుప్రీముకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, దేశమంతట చట్టమువలె పాటింపవలెనని ఆజ్ఞాపించెను. దాని ప్రకారము బెదరింపబడిన సాక్షి, జిల్లా న్యాయాధిపతి అధ్యక్షతగల మండలికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పోలీసులు అయిదు పనిదినములలో అపాయమెంతటిదో నివేదింపవలెను. రక్షకభటుల తోడు, మూసిన గదిలో విచారణ, అవసరమైన నివాసము మార్పు మొదలగునవి అందు కలవు. ఆచరణమున నిది చాలునా యని మా శిష్యునడుగగా, అడుగువారే తక్కువ యనెను.

పింగళి సూరన కళాపూర్ణోదయమును ముందిడుకొని, 1914 లో "కవిత్వతత్త్వ విచారము" వ్రాసిన కట్టమంచి రామలింగారెడ్డిగారు చిత్తూరివారే. పేరును పూజింపక గుణదోషములు తూచుమని నేర్పినది వారు. ఆ ధైర్యముతోనే మేమీ నాలుగు మాటలు వ్రాసితిమి. చిత్తూరు కోర్టు ఆవరణమున వినబడు తెలుగు, అరవము కలిసిన పలుకుబడి, చింతచెట్టు నీడను సమను చేతబట్టి కూర్చుండిన రైతు, "సామీ" యని మొదలుపెట్టి నీళ్లు నమలు గొంతు ఇంకను పుస్తకములకెక్కవలసియున్నవి. ఎక్కింపగలవాడు దినదినము వినువాడు, అనగా వకీలు.

మా శిష్యుడు పదేండ్లనుండి చిన్న పుస్తకములలో సాక్షుల మాటలు వ్రాసిపెట్టుకొనుచున్నాడు. కథలుగా వ్రాయుమంటిమి. కక్షిదారుల రహస్యములు బయటపెట్టరాదు గదా యనెను. పేరులు మార్చి, ఊళ్లు మార్చి, రెండు కేసులను ఒకటిగ కలుపుమంటిమి. మొదటి కథలో సాక్షిగా ఎవరిని పెట్టవలెనని యడిగెను. బడిపంతులును పెట్టుమంటిమి.