హనుమంతుడు: దేవుడా, వీరుడా, జిత్తులమారా?

వివిధ దేశాల పురాణగాథలను పోల్చేటప్పుడు విమర్శకులు దేవుడు, వీరుడు, జిత్తులమారి అనే మూడు వర్గాలను తరచుగా వాడతారు. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో వెలువరించిన గ్రంథంలో వీరగాథలన్నింటికీ ఒకే నమూనా ఉందని ప్రతిపాదించాడు. పాల్ రాడిన్ 1956లో ఉత్తర అమెరికా ఆదివాసుల కథల ఆధారంగా జిత్తులమారి పాత్రను వివరించాడు. అయితే ఈ మూడూ మూడు రకాల పాత్రలా, లేక ఒకే పాత్ర చేసే మూడు రకాల పనులా? హనుమంతుని కథ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

తెలుగులో 'జిత్తులమారి' అనగానే నక్క గుర్తుకు వస్తుంది. ఆ మాటలో నింద ఉంది. ఇక్కడ మాత్రం బలం పనికిరానిచోట యుక్తితో అడ్డంకిని దాటేవాడు అనే అర్థంలోనే దానిని గ్రహించాలి.

1. యుక్తి

సుందరకాండలో సురస హనుమంతుని దారికి అడ్డు వస్తుంది. తన నోట ప్రవేశించకుండా ఎవరూ ముందుకు పోరాదన్నది ఆమెకున్న వరం. హనుమంతుడు ఆమెతో యుద్ధం చేయడు. తాను పెరుగుతూ ఆమె నోటిని మరింత తెరిపించి, చటుక్కున బొటనవేలంత అయి లోపలికి పోయి బయటికి వస్తాడు. వరమూ చెల్లింది, ప్రయాణమూ ఆగలేదు.

ఘానా దేశపు అకాన్ ప్రజల కథల్లో అనాన్సి అనే సాలీడు కూడా ఇటువంటివాడే. ఆకాశదేవుని దగ్గరున్న కథలను పొందడానికి అతడు కొండచిలువను పట్టి తేవాలి. పొడవు కొలుస్తానని నమ్మించి దానిని కర్రకు కట్టేస్తాడు. యుక్తి ఒకటే, ప్రయోజనం వేరు. అనాన్సి కథలు తనవి కావాలని కోరుకున్నాడు. హనుమంతుడు రామకార్యం మీద వెళ్తున్నాడు.

2. శిక్ష

గ్రీకు గాథలో నిప్పు దొంగిలించిన ప్రొమీథియస్‌ను జ్యూస్ బండకు కట్టించాడు. పదహారో శతాబ్దపు చైనా నవలలో వానరరాజు సున్ వుకాంగ్‌ను బుద్ధుడు 500 ఏళ్లు కొండ కింద అణచి ఉంచాడు. బాల్యంలో మునుల ఆశ్రమాలలో అల్లరి చేసిన హనుమంతునికి పడిన శిక్ష ఇంకొక తీరుది. ఎవరైనా గుర్తుచేసేవరకు తన బలం తనకు తెలియకపోవడమే ఆ శాపం. ఇక్కడ సంకెల లేదు, కొండ లేదు, మరుపే బంధనం. ముగ్గురినీ విడిపించడానికి మరొకరు రావలసి వచ్చింది. కాని జాంబవంతుడు కేవలం మాటతోనే హనుమంతుని వీరుణ్ణి చేశాడు.

సున్ వుకాంగ్‌కు మూలం హనుమంతుడేనని హు షీ, కాదు చైనా జలరాక్షసుని కథేనని లూ షున్ వాదించారు. పోలిక కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని నిర్ణయించరాదు.

3. కర్మన్‌ఘాట్ కథ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్‌లకు చేరువలోని కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామి ఆలయం ఉంది. వేటకు వచ్చిన కాకతీయ రాజుకు రామనామం వినిపించిందనీ, అక్కడే విగ్రహం దొరికిందనీ స్థలపురాణం. ఔరంగజేబు ఆలయాన్ని కూల్చడానికి వచ్చినప్పుడు, 'ముందు నీ మనసు గట్టి చేసుకో' అని అదృశ్యవాణి పలికిందనీ, ఆ హిందీ మాటలే ఊరిపేరు అయ్యాయనీ చెబుతారు. దీనిని చరిత్రకు రుజువుగా కాక, ఊరిపేరుకు అర్థం చెప్పే కథగా చదవాలి.

ఈ కథలో గదాయుద్ధం లేదు. చక్రవర్తిని నిలిపినది ఒక మాట. సురసను దాటిన యుక్తే ఇక్కడ మాటగా మారింది. గర్భగుడిలోని స్వామి మాత్రం ధ్యానంలో ఉన్నాడు. కొలిచేవారికి దేవుడు, రామాయణ శ్రోతలకు వీరుడు, స్థలపురాణంలో యుక్తిపరుడు, ముగ్గురూ ఒక్కడే.

కాబట్టి ఈ మూడు వర్గాలు పాత్రలను పెట్టే అరలు కావు, కథలో పాత్ర చేసే పనులు. 'ఇతడు ఎవరు?' అని అడిగితే పేరు ఒక్కటే దొరుకుతుంది. 'ఈ కథలో ఏం చేస్తున్నాడు, ఎవరి కోసం?' అని అడిగితే ఆ కథ చెప్పుకున్న ప్రజల ఆశలూ భయాలూ తెలుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి ఆలయ స్థలపురాణం ఒకటి సేకరించి, అందులో దైవత్వం, వీరత్వం, యుక్తి ఏయే సన్నివేశాల్లో కనిపిస్తాయో పది వాక్యాలలో వివరించండి.