సంగటికా, మాల్టుకా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పిండి మిషను ముందు రాగుల సంచి దించితే, పని తెలిసిన మిషనాయన తూకం కన్నా ముందు "దేనికక్కా?" అని అడుగుతాడు. సంగటికంటే చక్రం ఒక తీరుగా తిప్పుతాడు, చంటిబిడ్డకు మాల్టంటే ఇంకో తీరుగా. ఆ మాట అడగని మిషనుకు మళ్లీ పోకపోవడమే మేలు.

రాగి గింజ ఒకటిన్నర మిల్లీమీటరుంటే గొప్ప. వడ్లకున్నట్టు దానికి గట్టి ఊక లేదు. పైనున్న పలచటి పొర కళ్లంలోనే రాలిపోతుంది. లోపలి ఎర్రపొర మాత్రం పిండిని అంటిపెట్టుకొని ఉంటుంది, బియ్యానికి పట్టినట్టు పాలిష్ పట్టబోతే గింజే నుగ్గవుతుంది. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉండే కాల్షియంలో పెద్ద వాటా ఆ పొరదే. అందుకే రాగులను పొరతో సహా పిండి చేసుకుంటాం. పిండి గరుకైనా మెత్తనైనా, మంచిచెడ్డలన్నీ రెండు రాళ్ల నడిమి సందులోనే తేలాలి.

ఈ వైపే ఉన్న తంబళ్లపల్లె చుట్టూ ఎటు చూసినా గుట్టలూ గుండ్లే, ఇసుర్రాయికి రాయి కొదవ లేదు. ఇంటింటా ఇసుర్రాయి ఉన్న రోజుల్లో ఈ సందు సర్దే పని ఆడవాళ్లదే. కింది రాయి నడుమ మేకు, దాని మీద తిరిగే పై రాయి. కందులు బద్ద చేయాలంటే మేకు చుట్టూ గుడ్డ పేలిక చుట్టి పై రాయిని కాస్త ఎత్తేవాళ్లు. రాగులకు ఆ గుడ్డ తీసేసేవాళ్లు. మిగతాదంతా చేతిలో ఉంది. గుప్పెడు గింజలు ఒక్కసారే పోస్తే పై రాయి తేలిపోయి బరకగా పడుతుంది, చిటికెడు చిటికెడుగా పోస్తే మెత్తగా పడుతుంది. వాడగా వాడగా రాయి నున్నబడి, గింజ నలగకుండా జారిపోతుంది. అప్పుడు ఉలీ సుత్తీ పట్టుకొని ఊళ్లు తిరిగేవాళ్ల చేత, రాయి మళ్లీ గరుకెక్కేలా కక్కు కొట్టించాలి. కక్కు కొట్టాక తొలి వాయి మనుషులకు పనికిరాదు. రాతిపొడి కలిసిన ఆ పిండి పారబోయాల్సిందే. పారబోయడం దండగని తొలి వాయే పొయ్యి మీదికెక్కించిన ఇంట్లో ఆ పూట సంగటి పంటికింద కరకరలాడుతుంది.

కరెంటు మిషన్లోనూ సూత్రం అదే. ఒక రాయి కదలదు, ఇంకోటి మోటారుతో తిరుగుతుంది. పక్కనున్న చక్రం బిగిస్తే రాళ్లు దగ్గరవుతాయి, వదులు చేస్తే దూరమవుతాయి. మిషనాయన గుడ్డగొట్టం కింద అరచేయి పెట్టి, పడిన పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్ది చూస్తాడు. గరుకు తగిలితే చక్రం మరికాస్త బిగిస్తాడు. పిండి చెయ్యి కాలేంత వేడిగా వస్తుంటే బిగింపు ఎక్కువైందని అర్థం. తొట్టిలో గింజ అయిపోవస్తున్నప్పుడు మిషను చప్పుడు మారుతుంది. అప్పుడు వెంటనే చక్రం వదులు చేయకపోతే రాయీ రాయీ ఒరుసుకుంటాయి. తడి పూర్తిగా ఆరని రాగులు పోస్తే పిండి రాళ్లకు అట్టకట్టి మిషనే మొరాయిస్తుంది. ఇసకంత గింజలో ఇసక దాగడం తేలిక, గాలించక తప్పదు. అయితే గాలించిన రాగులను రెండెండల్లో ఆరబెట్టాకే సంచికెత్తాలి.

ఇక సంగటికి ఎంత మెత్తన? ఉడికే అన్నంలో పిండి పోసి కట్టెతో గెలికేటప్పుడు మరీ సన్నపిండి నీళ్లు తగిలీ తగలకముందే ఉండలు కడుతుంది, ముద్ద జిగటగా వస్తుంది. వేళ్ల మధ్య ఒక్క పిసరు గరుకు మిగిలితేనే ముద్ద నిలబడుతుంది. పాకెట్ పిండి వాడేవాళ్లు సంగటి కుదరలేదని తమ చేతిని తిట్టుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు పిండిదే.

మాల్టు సంగతి వేరు. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, వేర్లు నలిపి చెరిగేస్తారు. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. మాల్టు జావ పలచగా ఉండి పసిబిడ్డ గొంతులో సులువుగా దిగడానికి కారణమదే. మొలకెత్తి ఎండిన గింజ పెళుసు. చక్రం కదిలించకుండా అదే సందులో వేసినా పచ్చి రాగుల కంటే మెత్తగా పడుతుంది.

బీరు కాచేవాళ్ల మాల్టుకూ ఈ ఎంజైములే ఆధారం. రాగి మన నేలకు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పంట, ఉగాండాలో ఈనాటికీ దాంతో బీరు కాస్తారు. బార్లీతో కాచేవాళ్లు మాత్రం మర రోలర్ల మధ్య ఒక మిల్లీమీటరు దరిదాపు సందు ఉంచి, గింజ పగిలేలా, పొట్టు చెదరకుండా చూస్తారు. మాల్టు కలిపిన ద్రావణాన్ని వడగట్టేది ఆ పొట్టే మరి. రాగికి ఆ పొట్టు లేదు. అదే సందులో రాగులు పోస్తే చాలా గింజలు పగలకుండానే జారిపోతాయి. బాగా బిగించి పిండి చేస్తే ద్రావణం జావలా మారి వడకట్టుకు అడ్డం పడుతుంది. కాబట్టి రాగులకు సందు విడిగా తగ్గించుకోవాలి, వడకట్టుకు పొట్టున్న బార్లీనో, వట్టి వడ్ల ఊకనో తోడు కలపాలి. బెంగళూరులో రాగి బీరు కాచే చిన్న బ్రూవరీలకు ఈ చిక్కు తప్పదు.

మళ్లీ మన పిండి మిషను సంగతికొస్తే, పోయే వేళ కూడా చూసుకోవాలి. మిరపకాయలు ఆడించిన రాళ్ల మీద వెంటనే రాగులు పోయించుకుంటే బిడ్డ మాల్టు ఘాటెక్కుతుంది. పొద్దున్నే, ముందు బియ్యమో గోధుమలో పడ్డాక వేయించుకోవడం మంచిది. వేడిపిండిని అప్పుడే డబ్బాకెత్తి మూత పెట్టకూడదు. లోపల చెమ్మ పట్టి ముక్కవాసన వస్తుంది. చాప మీద గుడ్డ పరిచి, పిండి పలచగా నెరిపి, బాగా చల్లారాక ఎత్తుకోవాలి.